సూట్‌కేసు త్రాసుకు వేలాడదీసిన రంపం

ఇండియాకు బయల్దేరే ముందు సూట్‌కేసులు తూచుకునే చిన్న త్రాసు ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లందరి ఇళ్లలోలాగే మా ఇంట్లోనూ ఒకటుంది. పచ్చళ్లు, పొడులు సర్దుకున్నాక 23 కిలోలు దాటామో లేదో చెప్పడమే దాని పని. పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం దాని కొక్కేనికి, చెట్లెక్కి కొమ్మలు కోసే నా పనిలో వాడే మోటారు రంపాన్ని తగిలించి ఎత్తాను.

కారణం మోచేయి. కుడి మోచేతికి బయటి వైపు నొప్పి మొదలై అప్పటికి రెండు నెలలు. నిండా నీళ్లున్న కెటిల్ ఎత్తాలంటే ఎడమ చేయి వాడాల్సి వస్తోంది. ఫిజియో అమ్మాయి అన్నీ నొక్కి చూసి, "పనిలో చేత్తో ఎంత బరువు పట్టుకుంటారు?" అని అడిగింది. "3.7 కిలోలు" అని టక్కున చెప్పాను. "తూచారా?" అంది. తూచలేదు. కేటలాగ్‌లో ఉన్న సంఖ్యను ఐదేళ్లుగా నిజమనుకుని అప్పజెబుతున్నాను.

త్రాసు 4.9 చూపించింది. దించి మళ్లీ ఎత్తాను. అదే 4.9.

ఇందులో మోసమేమీ లేదు. కేటలాగ్ బరువంటే ఖాళీ ట్యాంకులతో, కోసే చైన్ లేకుండా, అది తిరిగే బార్ అనే పొడవాటి పలక లేకుండా తూచిన బరువు. ఏ కంపెనీ అయినా అలాగే రాస్తుంది. పన్నెండంగుళాల బార్, చైన్ కలిపి అరకిలో దాటతాయి. పెట్రోల్ పావుకిలో, చైన్ నూనె పావుకిలోకు కాస్త తక్కువ. నడుముకు కట్టుకునే హార్నెస్‌కు రంపాన్ని తగిలించే పట్టీ, కారబినర్ కొక్కెం. ఇవన్నీ చేరాక నేను చెట్టు మీద పట్టుకునేది దాదాపు ఐదు కిలోలు. మా ఆవిడ త్రాసు వంక చూసి, "అంటే పొద్దంతా చిన్న సోనామసూరి సంచి పట్టుకుని కొమ్మ మీద కూర్చుంటున్నావన్నమాట" అంది.

ఆ రోజు నుంచి ఒక మాట నలుగుతూనే ఉంది. మా పనిలోకి వచ్చిన ప్రతివాడూ మొదట కొనేది 35 సీసీ ఇంజన్‌తో, పైన పిడి ఉండే టాప్ హ్యాండిల్ రంపం. "అన్నిటికీ అదే చాలు" అంటారు. నేనూ అలాగే కొన్నాను, ఇద్దరు ముగ్గురితో కొనిపించాను కూడా. ఇప్పుడు నాకనిపించేది, చాలా రోజుల్లో అది తప్పు రంపం. కొమ్మల పనికి బరువెక్కువ, మాను పనికి బలం తక్కువ. అన్నిటికీ పనికొస్తుందంటూనే దేనికీ సరిగ్గా అతకదు. ఈ మాట మా వ్యాన్‌లో అంటే నవ్వుతారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తాత కత్తులు

మాది నల్లగొండ వైపు కల్లు గీత కుటుంబం. మా తాత తాళ్లెక్కాడు. నాన్న ఎక్కలేదు, నన్ను ఎక్కనివ్వలేదు. చదువుకోమన్నాడు. చదువుకుని, మాస్టర్స్‌కని విమానమెక్కి వచ్చి, ఒక ఎండాకాలం ఖర్చుల కోసం చెట్ల కంపెనీలో, కొమ్మలను ముక్కలు చేసే చిప్పర్ యంత్రం దగ్గర కొమ్మలు లాగే పనికి కుదిరి, చివరికి ఆ చెట్లే ఎక్కుతున్నాను. ఇది అందరికీ జోక్‌లా ఉంటుంది, మా నాన్నకు తప్ప.

మోచేయి సంగతి ఫోన్‌లో తాతకు చెప్పాను. "తాతా, మా రంపం ఐదు కిలోలుంది."

"ఐదు కిలోలా! ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

ఆయన లెక్కలో ఆ రెండూ వేరు. ఎక్కేటప్పుడు కత్తులు, ఖాళీ లొట్టి. దిగేటప్పుడు కల్లు. దిగేటప్పటి బరువు కూలి డబ్బులు, ఎక్కేటప్పటి బరువు ఒట్టి నష్టం. "రెండూ కాదు తాతా, పైన ఉన్నంతసేపూ" అన్నాను. ఎంతసేపుంటావని అడిగాడు. మూడు నాలుగు గంటలన్నాను. కాసేపు మాట్లాడలేదు. "గంతసేపు పైన కూసుని ఏం జేస్తవ్ రా?" అన్నాడు.

ఆయన ఒక చెట్టు మీద కొద్ది నిమిషాలే ఉండేవాడు, కానీ రోజుకు ఎన్నో చెట్లు ఎక్కేవాడు. చెట్టెక్కడానికి మోకు, ముత్తాదు, కాళ్లకు గుజి తప్పవు కాబట్టి, మిగిలిన ప్రతి వస్తువూ ఎందుకు మోయాలో లెక్క చెప్పాల్సిందే. ఆయన దగ్గర రెండు రకాల కత్తులుండేవి. మట్టలు కొట్టడానికి బరువైనది, గెల చెక్కడానికి పలుచనిది. మట్టలు కొట్టే రోజున తప్ప బరువు కత్తి నడుముకు ఎక్కేది కాదు. పలుచనిదాన్ని మాత్రం రోజూ చెక్క మీద పలుగురాయి పొడి చల్లి నూరేవాడు. ఆ నూరే చప్పుడుకే నేను సెలవుల్లో నిద్ర లేచేవాణ్ని.

మేమేమో రంపం కొనేటప్పుడు, ఏడాదికి ఎన్నిసార్లో రాని లావు కొమ్మను ఊహించుకుని కొంటాం. ఆ కొమ్మ కోసం మిగిలిన అన్ని రోజులూ మోస్తాం.

కేటలాగ్ చెప్పేది, చెప్పనిది

సంఖ్యలు ఇష్టమైనవాళ్ల కోసం కొన్ని. ఎకో సీఎస్-2511 టీఈఎస్ 25 సీసీ, 2.3 కిలోలు, 1.1 కిలోవాట్లు. స్టిల్ ఎంఎస్ 201 టి 35.2 సీసీ, 3.7 కిలోలు, 1.8 కిలోవాట్లు. హస్క్‌వార్నా టి540 ఎక్స్‌పీ మార్క్ 2 అయితే 37.7 సీసీ, 3.9 కిలోలు, 1.8 కిలోవాట్లు. కిలో బరువుకు ఎంత బలమో భాగించి చూస్తే మొదటిదానికి 0.48, రెండోదానికి 0.49, మూడోదానికి 0.46. అంటే దాదాపు ఒకటే. "తేలికైనది, పైగా బలమైనది" అని దుకాణంలో అనే మాటకు ఇక్కడ పెద్దగా చోటు లేదు. బలం కావాలంటే దాని బరువు మోయాల్సిందే. పైగా చెట్టు మీద వాడే రంపాలకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11681-2 ఒక గీత గీసింది. బార్, చైన్, ఇంధనం లేకుండా 4.3 కిలోలు మించకూడదు. కంపెనీల పోటీ అంతా ఆ గీతకు ఇవతలే.

కాబట్టి ఏది మంచి రంపమని కేటలాగ్‌ను అడగడం దండగ. ఈ బలం నాకు ఎన్ని నిమిషాలు కావాలి, ఈ బరువును ఎన్ని గంటలు మోయాలి అన్నదే అడగాలి.

మోచేయి నొప్పితో ఉన్న ఆ వారాల్లో ఒకసారి లెక్కపెట్టాను. ఒక ఇంటి వెనక సైకమోర్ చెట్టు, కొమ్మల చివర్లు రెండు మీటర్లు తగ్గించే పని. సాయంత్రానికి వందకు పైగా కోతలు పడ్డాయి. నా ముంజేయి కంటే లావైనవి పది కూడా లేవు. మణికట్టంత సన్నవి సగానికి సగం, అవి సిల్కీ చేతిరంపంతోనే పోయాయి. 35 సీసీ బలం నిజంగా అవసరమైంది, అన్నీ కలిపి చూస్తే, నాలుగైదు నిమిషాలు. మిగిలిన సమయమంతా అది నడుముకు వేలాడి, నేను కొమ్మ మీద నడిచిన ప్రతిసారీ తొడకు కొట్టుకుంటూ, హార్నెస్‌ను ఒక పక్కకు లాగుతూ ఉంది.

ఆ పక్కకు లాగడం గురించి ఎవరూ రాయరు. కొమ్మ కొసకు వెళ్లేటప్పుడు మన బరువంతా తాడు మీద, కాళ్లు కొమ్మ మీద. అప్పుడు కుడి పిరుదు వెనక ఐదు కిలోలు ఊగుతుంటే, ఆ ఊపును ప్రతిసారీ నడుము సరిచేయాలి. సాయంత్రానికి నొప్పి వచ్చేది చేతికి కాదు, ఎడమ పక్క నడుముకు.

నేను 25 సీసీ రంపం కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. పదంగుళాల బార్‌తో, ఇంధనంతో, పట్టీతో సూట్‌కేసు త్రాసు మీద 3.2. ఆ 1.7 కిలోల తేడా మొదటి రోజే తెలిసింది. ఇంకో సంగతి కూడా. సన్నటి చైన్ కాబట్టి కోత ఇరుకు, తీసే చెక్క పొట్టు తక్కువ. అందుకే 1.1 కిలోవాట్ల నుంచి అనుకున్న దానికంటే ఎక్కువ పని వస్తుంది. చైన్ మొద్దుబారిందా, ఆ బలమంతా పొగే. పెద్ద రంపం మొద్దు చైన్‌ను కూడా లాక్కుపోతుంది కాబట్టి మనం ఆకురాయి పట్టడం వాయిదా వేస్తాం. చిన్నది ఆ బద్ధకాన్ని ఒప్పుకోదు. ఇప్పుడు ప్రతి టీ బ్రేక్‌కు నూరుతున్నాను.

మా పెద్దాయన మాట

ఇక్కడిదాకా అంతా నాకు అనుకూలంగానే ఉంది. మా టీమ్‌లో ముప్పై ఏళ్లుగా చెట్లెక్కుతున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన ముందు ఈ వాదన నిలబడదు. ఆయన 35 సీసీ రంపంతోనే పుట్టినట్టుంటారు. యాభై దాటాయి. భుజాలు, మోచేతులు నావాటికంటే బాగున్నాయి. "కుర్రాళ్లు గ్రాములు లెక్కపెడుతున్నారు. మేం చెట్లు లెక్కపెట్టేవాళ్లం" అంటారు.

ఒక రోజు కింద నిలబడి ఆయన్ని గమనించాను. ఆయన చేయి చాచరు. కోసే ముందు తన చోటు మార్చుకుంటారు. ఇంకో అడుగు పైకి, నడుమును చెట్టుకు కట్టే లాన్‌యార్డ్ తాడు ఇంకో కొమ్మకు, తుంటి కాస్త తిప్పి. కోత ఎప్పుడూ బొడ్డు ఎత్తులో, మోచేతులు పక్కటెముకల దగ్గర. నేనేమో ఇంకో అడుగు వేయడానికి బద్ధకించి, చేయి చాచి కోస్తాను. 4.9 కిలోలు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడం, 3.2 కిలోలు 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడం మోచేతికి దాదాపు ఒకటే భారం. అంటే నేను డబ్బు పెట్టి కొన్న తేలికను ఆయన ఒక అడుగుతో ఉచితంగా సంపాదిస్తున్నారు.

ఇది చిన్న దెబ్బ కాదు. కొన్ని రోజులు నా వాదనను పక్కన పెట్టేశాను. నొప్పికి కారణం బరువేనా అన్న అనుమానం కూడా అప్పుడే మొదలైంది. ఫిజియో ఎప్పుడూ బరువే కారణం అనలేదు. పిడిని గట్టిగా బిగించి పట్టుకోవడం కావచ్చు. చెట్టు మీద వంకరగా కూర్చుని స్టార్టర్ తాడును రోజుకు అన్నిసార్లు లాగడం కావచ్చు. తాడు లాగే పని లేని బ్యాటరీ రంపాలు ఈ మధ్య అందరి నడుముకూ ఎక్కుతున్నది ఊరికే కాదు. వాటిలోనూ బరువు ఆట ఉంది. హస్క్‌వార్నా టి535ఐ ఎక్స్‌పీ 2.4 కిలోలని చదివి సంబరపడతాం. అది బ్యాటరీ లేకుండా. బ్యాటరీ పెడితే ఇంకో కిలో పైనే. అయినా ఆ నిశ్శబ్దం బాగుంటుంది, కింద మనిషి "ఆగు" అంటే వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దంలోనే ప్రమాదమూ ఉంది. ఆగి ఉన్న రంపానికీ, వేలు తగిలితే తిరిగే రంపానికీ తేడా చెవికి తెలియదు.

అయినా పెద్దాయన వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు. ఆయన ఎక్కే చెట్లు ఎక్కువగా తీసేసే చెట్లు. ఎటైనా కాలు పెట్టొచ్చు, ముల్లుబూట్లు వేసుకోవచ్చు. బతికే చెట్టును సవరించేటప్పుడు మాను మీద ముల్లు దిగకూడదు. సన్న కొమ్మల కొసల్లో ఇంకో అడుగు వేయడానికి అడుగంత చోటే ఉండదు. అక్కడ చేయి చాచక తప్పదు. ఆయన చెప్పింది మానుకు నిజం, కొసలకు కాదు.

చిన్నది ఏడ్పించిన రోజు

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం. తోటలోని షెడ్డు మీదకు బాగా వాలిన లావు కొమ్మ, ఒక అడుగు మందం ఉంటుంది. షెడ్డును ముందే ఖాళీ చేయించాం, కొమ్మ దాని పక్కన పడాలి. నా నడుముకు ఉన్నది చిన్న రంపం. పెద్దది వ్యాన్‌లో ఉంది. వ్యాన్ రోడ్డు మీద ఉంది. అడగాలంటే చిప్పర్ ఆపించి, చేతులూపి, అరవాలి. "సరే, ఇదే చాలులే" అనుకున్నాను.

ముందు కోత వేసి, వెనక కోత మొదలుపెట్టాను. వాలిన కొమ్మలో పైభాగం నార సాగి బిగుసుకుని ఉంటుంది. వెనక కోత చకచకా సాగాలి. నా రంపం ఆవులిస్తూ పోతోంది. సగం దాకా వచ్చేసరికి కొమ్మ తన బరువుకు తానే కదలడం మొదలైంది, ఇంకా తెగని నార కోతను వదిలేసి వెనక్కి, మాను వైపుకు చీలింది. చేయంత పొడుగు పలక ఒకటి పెద్ద చప్పుడుతో లేచింది. నేను పక్కన ఉన్నాను కాబట్టి ఏం కాలేదు. వెనక ఉంటే ఛాతీ ఎత్తులోకి వచ్చేది. కింద అందరూ ఆగి పైకి చూశారు.

పెద్దాయన సాయంత్రం వచ్చి చూసి, "రంపం తప్పు కాదు, కోత తప్పు. వాలిన కొమ్మకు ఆ కోత వేస్తారా?" అన్నారు. సగం ఒప్పుకుంటాను. వేరే కోతతో, మధ్యలోంచి బార్ పొడిచి, చివర్న వెనక పట్టు వదిలేలా చేసి ఉండొచ్చు. మిగతా సగం మాత్రం రంపానిదే. బలమున్న రంపం అయితే ఆ నార చీలేలోపే తెగేది. చెట్టు మీద వేగమంటే పని త్వరగా అవడం ఒక్కటే అనుకునేవాణ్ని. కొన్ని కోతల్లో ప్రాణం కాపాడేది ఆ వేగమే.

నెమ్మదిగా కోసే రంపానికి ఇంకో ఖర్చుంది. ఇక్కడి 2005 కంపన నియమాలు ఎనిమిది గంటల రోజుకు 2.5 దగ్గర యజమాని చర్య తీసుకోవాలని, 5 దాటకూడదని చెబుతాయి, సెకను వర్గానికి మీటర్ల (m/s²) లెక్కన. ఆ లెక్క రంపం ఎంత వణుకుతుందన్నది ఒక్కటే కాదు, ట్రిగ్గర్ ఎంతసేపు నొక్కామన్నది కూడా. తేలికైన రంపం తక్కువ వణుకుతుందన్న హామీ ఏమీ లేదు. లావు కర్రలో చిన్నదాన్ని రెట్టింపు సేపు నడిపితే మోచేతికి మిగిల్చింది వేళ్లు చెల్లిస్తాయి.

ఒంటిచేతి దొంగతనం

దీన్ని రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

టాప్ హ్యాండిల్ రంపాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి. శిక్షణలో, తాడు మీద వేలాడుతూ రంపం వాడటం నేర్పే, ఇప్పటికీ అందరూ సీఎస్ 39 అనే పాత పేరుతోనే పిలిచే ఆ కోర్సులో, మొదటి గంటలోనే ఇది చెబుతారు. కుడి చేయి పైపిడి మీద, ఎడమ చేయి ముందు పిడి మీద. రంపం ఎగిరి తంతే ఎడమ మణికట్టు తగిలి బ్రేక్ పడటానికి కూడా ఆ చేయి అక్కడ ఉండాలి. కానీ పిడి పైన ఉండటంలోనే ఒక ఆశ ఉంది, ఒక్క చేత్తో సరిగ్గా తూగుతుంది. ఖాళీగా ఉన్న ఎడమ చేయి కోసే కొమ్మను పట్టుకోబోతుంది. ఈ రంపాలతో ఎడమ చేతులు తెగేది ఇలాగే.

ఐదు కిలోల రంపంతో నేనెప్పుడూ ఒంటిచేత్తో కోయలేదు. నాకు బుద్ధి ఎక్కువై కాదు, బరువు కుదరనివ్వలేదు. మూడు కిలోలది చేతికొచ్చిన రెండో నెలలో ఆ దొంగతనం మొదలైంది. ఒకటి రెండు చిన్న కొమ్మలు. తర్వాత కాస్త పెద్దవి. జూన్‌లో ఒక రోజు కొమ్మను ఎడమ చేత్తో పట్టుకుని కోసి, అది తెగగానే రంపం ముక్కు కిందికి జారింది. కిందకు దిగాక చూస్తే లాన్‌యార్డ్ మీద గీత. పైపొర తెగి లోపలి పోగులు తెల్లగా కనిపిస్తున్నాయి. నన్ను పట్టుకుని ఉన్న తాడు ఇంకొకటి వేరే ఉంది, పడిపోయేవాణ్ని కాదు. అయినా వ్యాన్‌లో కూర్చుని టీ తాగలేకపోయాను. లాన్‌యార్డ్‌ను ముక్కలు చేసి చెత్తలో వేసి, సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆయన రాసుకున్నాడు, ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

కాబట్టి తేలిక రంపం సురక్షితం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దాని తేలికే మనల్ని చెడగొడుతుంది. నేను పెట్టుకున్న నియమం ఒకటే, ఎడమ చేయి కొమ్మను పట్టుకోవాలని చూస్తే ఆ కోత చేతిరంపానిది. ఇంజన్ ఆపి, వేలాడదీసి, సిల్కీ తీయాలి. ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లకు బద్ధకించే రోజులు ఇప్పటికీ వస్తాయి.

తాడు కింది కొస

ఇన్ని అనుమానాల తర్వాత కూడా మధ్యస్థంగా ఉండే 35 సీసీ రంపం తప్పు అనే ఎందుకంటున్నానంటే, ఏప్రిల్ నాటి ఆ కొమ్మ దగ్గర నేను చేసిన తప్పు చిన్న రంపంతో ఎక్కడం కాదు. పెద్దది అడగకపోవడం. 35 సీసీది ఇంతగా అమ్ముడయ్యేది అది ఏ పనికో సరిపోతుందని కాదు, పైనున్నవాడు కిందివాణ్ని అడగడానికి మొహమాటపడతాడు కాబట్టి. ఎక్కేటప్పుడు ఏది తగిలించుకుంటే దిగేదాకా దాంతోనే గడపాలి. అందుకే అన్నిటికీ కాస్త కాస్త సరిపోయేదాన్ని తగిలించుకుంటాడు.

కింద మనిషి పరిస్థితి నాకు తెలుసు, నేనూ అక్కడి నుంచి వచ్చినవాణ్నే. చెవులకు మఫ్స్, పక్కన చిప్పర్ మోత, చేతిలో కొమ్మల మోపు. పైనుంచి వాడు చేతులూపుతుంటే ఎప్పటికో కనబడుతుంది. చిప్పర్ ఆపి, వ్యాన్ దాకా నడిచి, పెద్ద రంపం తెచ్చి, వెచ్చబెట్టి, బ్రేక్ వేసి, తాడుకు కట్టాలి. మూడు నిమిషాలు. మా యజమాని ఆ మూడు నిమిషాలను రోజుకు ఎన్నిసార్లో గుణించి, జీతాలతో గుణించి, "ఇంతకంటే ఒక మంచి రంపం చవక" అని తేల్చేశాడు. ఆయన లెక్కలో మోచేయి లేదు. అయినా తప్పు లెక్క అనలేను.

మార్పు వచ్చింది రంపం వల్ల కాదు. జూలైలో హెల్మెట్ లోపల మాట్లాడుకునే సెట్లు కొన్నారు. కొన్నది వేరే కారణానికి, రోడ్డు పక్క పనుల్లో వాహనాల గురించి చెప్పుకోవడానికి. రెండు వారాల్లో ఒక వింత గమనించాను. పెద్ద రంపాన్ని నేను మామూలు గొంతుతో అడుగుతున్నాను. "ఇంకో రెండు కొమ్మలు, తర్వాత పెద్దది పంపు." కింద కుర్రాడు చేతిలోని మోపు పూర్తి చేసి, తీరిగ్గా తెచ్చి, తాడు కొసకు కట్టి ఉంచుతున్నాడు. నేను అడిగేసరికి అది అక్కడే ఉంటుంది. మూడు నిమిషాలు ముప్పై సెకన్లయ్యాయి. నా నడుము మీద బరువు తగ్గించింది చిన్న రంపం కాదు, చెవిలో ఉన్న ఆ చిన్న మైకు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఎక్కేటప్పుడు చిన్నది, సగం ట్యాంకుతో. (సగం ట్యాంకు చూసి పెద్దాయన నవ్వుతారు. నవ్వనీ.) కొమ్మలన్నీ దానితో, చేతిరంపంతో. మాను మిగిలాక చిన్నదాన్ని కిందకు పంపేసి, 50 సీసీ వెనకపిడి రంపాన్ని పైకి తెప్పించుకుంటాను. అది ఇంకా బరువు, నిజమే, కానీ అప్పటికి నేను మానుకు ముల్లుబూట్లతో ఆనుకుని నిలబడి ఉంటాను, కోత నడుము ఎత్తులో ఉంటుంది. పెద్దాయన పద్ధతి అక్కడ నాకూ వస్తుంది. మధ్యలో ఉన్న 35 సీసీది చాలా రోజులు వ్యాన్‌లోనే నిద్రపోతోంది.

ఇది అన్ని చెట్లకూ కాదు. వరసగా పెరిగిన లేలండీ చెట్లను తీసేసే రోజున 35 సీసీదే హాయి, ఒప్పుకుంటాను. 2012లో ఇక్కడ బయటపడ్డ తెగులుతో ఎండుతున్న యాష్ చెట్లయితే అసలు ఎక్కకుండా, వీలైతే బకెట్ లిఫ్టు నుంచే కోస్తాం. అక్కడ రంపాన్ని నడుముకు మోసే పనే లేదు, ఎంత బరువైనా బకెట్‌లో కూర్చుంటుంది.

పోయిన నెల కొత్త కుర్రాడు ఒకడు, ఇప్పుడే కోర్సు పూర్తి చేసినవాడు, ఏ రంపం కొనాలని అడిగాడు. పైన రాసిందంతా చెప్పాను. లంచ్‌లో సూట్‌కేసు త్రాసు తెచ్చి రెండూ తూచి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. సోమవారం 35 సీసీది కొనుక్కుని వచ్చాడు. "అన్నా, నా దగ్గర ఒక్క రంపానికే డబ్బులున్నాయి" అన్నాడు. గుజరాతీ కుర్రాడు, అన్నా అనడం నా దగ్గరే నేర్చుకున్నాడు. రోజుకూలి మీద, ఇవాళ ఒక కంపెనీ, రేపు ఇంకొకటి. కింద మైకు ఉంటుందో లేదో, అడిగితే పంపేవాడు ఉంటాడో లేదో. వాడి మాటకు నా దగ్గర జవాబు లేదు. సవరింపు పనులున్న రోజుల్లో నా చిన్నది తీసుకెళ్లమన్నాను.

డిసెంబర్‌లో ఊరికి వెళ్తున్నాం. త్రాసు మళ్లీ సూట్‌కేసుల పనిలో పడింది. మా చిన్నాయన ఇంకా తాళ్లెక్కుతాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్టు ఆయనకు వచ్చినప్పుడు, సంచి విప్పకముందే చేత్తో ఎత్తి చూశాడట. నా చేతిరంపాన్ని వీడియో కాల్‌లో చూశాడు, మట్టలకు పనికొస్తుందేమో, ఒకటి తెమ్మన్నాడు. పదును ఎన్నాళ్లుంటుందనీ అడగలేదు, ధరెంతనీ అడగలేదు.

"ఎంత బరువుంటది రా?"

ఒరతో సహా తగిలించి ఎత్తాను. అరకిలోకు అటూ ఇటూ చూపిస్తోంది.